ఇంటర్వ్యూ గదిలో నాలుగో శీలం



ఆదివారం వందన ముగిశాక మన పిల్లలు అడిగే ప్రశ్నల్లో ఈ మధ్య ఒకటి మళ్లీ మళ్లీ వినబడుతోంది. "సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూకి వెళ్తున్నాను. అక్కడ అబద్ధం చెబితే శీలం తప్పినట్టేనా?" పంచశీలలో నాలుగోది ముసావాదం మానుకోవడం. వారం వారం మనం పలికే మాటే అది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందితో చేయించిన 22 ప్రతిజ్ఞల్లోనూ అబద్ధమాడననేది ఒకటి. పలికేటప్పుడు తేలిగ్గానే ఉంటుంది. ఉద్యోగం ఇచ్చేవాళ్ల ఎదుట కూర్చున్నప్పుడు దాని బరువు తెలుస్తుంది.

నేను ఆర్ట్స్ చదివినవాణ్ణి. నాకు కోడింగ్ రాదు. అయినా ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి కంప్యూటర్ తెలియనక్కర్లేదు, ధమ్మం తెలిస్తే చాలు. కాబట్టి మీతో కలిసి ఆలోచించే సాహసం చేస్తున్నాను.

పిల్లలు అడిగే ఆ ఒక్క ప్రశ్నలో నిజానికి రెండు ఉన్నాయి. లేని అనుభవం ఉందని చెప్పవచ్చా అన్నది ఒకటి. మన కులం బయటపడకుండా చూసుకోవచ్చా అన్నది రెండోది. చాలామంది ఈ రెంటినీ ఒకే గాటన కడతారు. "కులం దాచినప్పుడు లేని తప్పు, అనుభవం పెంచి చెబితే వచ్చిందా?" అంటారు కొందరు. "ఏదీ దాచకూడదు, దాస్తే శీలం పోయినట్టే" అంటారు ఇంకొందరు. రెండు మాటలూ సరికావని నా అభిప్రాయం. ఎందుకో వివరంగా చూద్దాం.

ముందు ఇంటర్వ్యూ అంటే ఏమిటో

ఇంటర్వ్యూ అంటే ఒక రోజు, ఒక గది, నాలుగు ప్రశ్నలు అనుకునే తల్లిదండ్రులు మనలో ఉన్నారు. వాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

మొదట రెజ్యూమె పంపాలి. వందల్లో, ఒక్కోసారి వేలల్లో వచ్చే రెజ్యూమెల్లోంచి కొన్నింటినే తీస్తారు. తర్వాత ఆన్‌లైన్ పరీక్ష. గడియారం తిరుగుతుండగా రెండు మూడు సమస్యలకు ప్రోగ్రాం రాయాలి. అది దాటితే టెక్నికల్ రౌండ్లు. ఒక పదాన్ని తిరగేసి చూపించమంటారు, ఒక జాబితాలో రెండుసార్లు వచ్చిన అంకెను వెతకమంటారు, డేటాబేస్‌లో రెండు పట్టికల్ని కలిపి సమాచారం తీయమంటారు. రాశాక "ఇంతకంటే తక్కువ సమయంలో అయ్యేలా రాయగలవా?" అని అడుగుతారు. ఆ తర్వాత మేనేజర్ మాట్లాడతారు. చివర హెచ్‌ఆర్ రౌండ్. జీతం, చేరే తేదీ, ఇల్లూ వాకిలీ సంగతులు అక్కడే వస్తాయి. ఆఫర్ లెటర్ చేతికొచ్చినా పని అయిపోదు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అని ఒకటుంటుంది. చదివిన కాలేజీకి, పాత కంపెనీకి రాసి కనుక్కుంటారు, పీఎఫ్ ఖాతా చూస్తారు.

ఇన్ని మెట్లలో కొన్ని మాత్రమే పనిని కొలుస్తాయి. కొన్ని ధైర్యాన్ని, ఇంగ్లీషును, పెరిగిన వాతావరణాన్ని కొలుస్తాయి. ఏ మెట్టు దేన్ని కొలుస్తోందో తెలుసుకుంటే ఎక్కడ ఎలాంటి మాట మాట్లాడాలో కూడా తెలుస్తుంది.

అద్దం ముందు రాహులుడు

అబద్ధం గురించి బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చెప్పిన పాఠం మనందరికీ తెలుసు. రాజగృహం దగ్గర అంబలట్ఠికలో ఉన్నప్పుడు, కాళ్లు కడుక్కున్న పాత్రలో కొంచెం నీళ్లు మిగిల్చి చూపించాడు. తెలిసి తెలిసి అబద్ధమాడడానికి సిగ్గుపడని మనిషిలో మిగిలే మంచితనం ఆ నీళ్లంతే అన్నాడు. తర్వాత ఆ నీళ్లు పారబోశాడు, పాత్ర బోర్లించాడు, ఖాళీ పాత్రను మళ్లీ తిప్పి చూపించాడు. రాహులుడు అప్పుడు చిన్నవాడు. చిన్నపిల్లాడికి అర్థమయ్యేలా ఇంటి వస్తువుతో చెప్పాడు.

ఆ పాఠం అక్కడితో ఆగలేదు. అద్దం ఎందుకుంది అని అడిగాడు. చూసుకోవడానికి అన్నాడు రాహులుడు. అలాగే ప్రతి పనినీ మూడుసార్లు చూసుకోమన్నాడు: చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక. ఇది నాకు హాని చేస్తుందా, ఇతరులకు హాని చేస్తుందా, ఇద్దరికీ చేస్తుందా అని ప్రశ్నించుకోమన్నాడు. దేవుడికి కోపం వస్తుందని గానీ నరకం వస్తుందని గానీ భయపెట్టలేదు. మన శీలం ఎవరో పెట్టిన ఆజ్ఞ కాదు. మన బుద్ధితో పరీక్షించి మనం ఒప్పుకున్న నియమం. కాబట్టి పరీక్షిద్దాం.

కొనుక్కున్న అనుభవం

హైదరాబాద్ అమీర్‌పేట గురించి తెలియని తెలుగు నిరుద్యోగి ఉండడు. మైత్రీవనం చుట్టుపక్కల జావా, డాట్‌నెట్, టెస్టింగ్ నేర్పే బోర్డులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. వాటిలో నిజాయతీగా పాఠం చెప్పి ఎంతోమందికి బతుకు చూపించిన గురువులున్నారు. వాళ్లకు దండం పెట్టాలి. ఆ పక్కనే ఇంకో వ్యాపారం కూడా నడుస్తుంది. డబ్బు కడితే రెండేళ్లో మూడేళ్లో పని చేసినట్టు లెటర్లు, పేస్లిప్పులు ఇస్తారు. ఫోను చేస్తే "అవును, మా దగ్గర చేశాడు" అని చెప్పే మనిషిని కూడా పెడతారు. దీన్నే పిల్లలు "ఫేక్ పెట్టుకోవడం" అంటారు. మీ బదులు వేరేవాళ్లు ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో జవాబులు చెప్పే ప్రాక్సీ పద్ధతి కూడా ఉంది.

ఈ దారి పట్టిన పిల్లల వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. వాళ్లు ఇలా అంటారు: "ఫ్రెషర్ అని రాస్తే పిలవరు. మొదటి ఉద్యోగానికే అనుభవం అడుగుతారు. అనుభవం ఎక్కణ్నుంచి వస్తుంది? డబ్బున్న పిల్లాడికి మేనమామ కంపెనీ నుంచి లెటర్ వస్తుంది. మాకు అలాంటి మామ లేడు. వాడికి ఊరికే వచ్చే కాగితాన్ని మేం డబ్బిచ్చి కొనుక్కుంటున్నాం. వేల ఏళ్లు అబద్ధం మీద బతికిన వ్యవస్థ మాకు నిజం గురించి పాఠం చెప్పడమేంటి?"

ఈ మాటల్లో కోపం న్యాయమైనదే. కానీ కోపం న్యాయమైనదైతే చేసే పని కూడా న్యాయమైనదే అవుతుందా? రాహులుడి అద్దంలో చూద్దాం.

నీకు హాని చేస్తుందా? చేస్తుంది. ఫేక్ పెట్టుకుని చేరినవాళ్లకు ఆఫీసులో మొదటి రోజు నుంచే భయం. రెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు రావాల్సిన పని ఇస్తారు, అది రాదు. ఎవరిని అడిగినా "ఇది కూడా తెలియదా?" అంటారేమోనని అడగరు. వెరిఫికేషన్ మెయిల్ వచ్చినప్పుడల్లా గుండె జారుతుంది. వీటన్నిటికంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. రేపు ఆ ఆఫీసులో ఎవరైనా రిజర్వేషన్ల మీద వెక్కిరింపుగా మాట్లాడితే, మన పిల్లని తక్కువగా చూస్తే, ఆ మనిషి నోరెత్తగలడా? ఎత్తలేడు. తన గుట్టు ఎవరి చేతిలో ఉందో అన్న అనుమానం వెంటాడుతుంది. బాబాసాహెబ్ మనకు చదువు చెప్పింది నోరు తెరవడానికి. నోరు తాకట్టు పెట్టి తెచ్చుకున్న జీతం ఆ చదువుకు ఏం న్యాయం చేస్తుంది?

ఇతరులకు హాని చేస్తుందా? సాఫ్ట్‌వేర్ అంటే ఆట కాదు. బ్యాంకు లెక్క, ఆసుపత్రి రిపోర్టు, రేషన్ డీలర్ దగ్గర వేలిముద్ర మెషిను, అన్నీ దాని మీదే నడుస్తాయి. పని రానివాళ్లు రాసిన తప్పుకు మూల్యం చెల్లించేది ఎక్కడో లైన్లో నిలబడ్డ మనలాంటి ముసలమ్మే కావచ్చు. అంతేకాదు, ఒక ఫేక్ పట్టుబడితే ఆ కాలేజీ మీద, ఆ ఊరి మీద, ఆ ఇన్‌స్టిట్యూట్ మీద అనుమానం పడుతుంది. తర్వాత నిజంగా పని నేర్చుకుని వచ్చే చెల్లిని కూడా అదే కళ్లతో చూస్తారు.

ఇద్దరికీ హాని చేస్తుందా? కాగితం అమ్మినవాడికి ఇచ్చిన డబ్బు ఎవరిది? నాన్న చేసిన అప్పు, అమ్మ డ్వాక్రా లోను, అమ్మిన మేకలు. సమ్మా ఆజీవం అంటే నీ జీతం సక్రమంగా ఉంటే చాలదు, నీ డబ్బు ఎవరి తప్పుడు జీవనోపాధిని నిలబెడుతోందో కూడా చూడాలి. అబద్ధాన్ని అమ్ముకుని బతికేవాణ్ణి మన కష్టార్జితంతో పోషించడం మన పేటకు మేలు కాదు.

అద్దంలో మూడుసార్లు చూసినా జవాబు ఒకటే వస్తోంది. ఇది తెలిసి చెప్పే అబద్ధం. గేటు అన్యాయంగా కట్టారన్నది నిజమే. అయినా ఆ గేటు దూకడానికి పక్కవాడి భుజం మీద కాలు వేస్తే అది తిరుగుబాటు అవ్వదు.

ఇప్పటికే ఆ దారిలో వెళ్లిపోయినవాళ్లు ఈ పుస్తకం చదువుతూ ఉండవచ్చు. మీ మీద రాయి వేయడానికి ఇది రాయడం లేదు. శీలం తప్పినవాళ్లను వెలివేసే మతం నుంచే మనం బయటికి వచ్చాం. ఇక ముందు కాగితం మీద ఇంకో అబద్ధం పేర్చకండి. రాని పనిని రాత్రులు కూర్చుని నేర్చుకోండి. మిమ్మల్ని చూసి అదే దారి అడిగే తమ్ముడికి ఆ భయం ఎలా ఉంటుందో చెప్పండి. మీ నిజం ఒకరికి ఉపయోగపడినా మంచి పనే.

నిజాన్ని చెప్పడం కూడా నేర్చుకోవాలి

అబద్ధం మానమంటే నోరు మూసుకుని ఓడిపొమ్మని కాదు. మన పిల్లల్లో చాలామంది అబద్ధం చెప్పక ముందే తమ నిజాన్ని తక్కువ చేసి చెబుతారు. అది కూడా సమ్మా వాచా కాదు.

కాలేజీలో నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టులో మీ వాటా ఏమిటి? దాన్ని స్పష్టంగా చెప్పండి. "మేం చేశాం" అని అందరి పనినీ మీద వేసుకోకండి, "ఏదో చేశానండి" అని మీ పనిని మీరే పారేయకండి. రెండేళ్లు గ్రూప్-2కి చదివి ఖాళీ వచ్చిందా? అదే చెప్పండి. రోజుకు పన్నెండు గంటలు కూర్చుని చదివే ఓపిక ఉందని ఆ ఖాళీయే చెబుతుంది. నాన్న మేస్త్రీ పనిలో కూలీల లెక్కలు మీరు ఫోన్‌లో ఒక చిన్న ప్రోగ్రాం రాసి చూశారా? అది పదిమంది రెజ్యూమెల్లో ఉండే ప్రాజెక్టు కంటే గొప్ప సంగతి. జవాబు తెలియకపోతే "తెలియదు, కానీ ఇలా మొదలుపెడతాను" అని ఆలోచనను పైకి చెప్పండి. టెక్నికల్ రౌండ్‌లో మంచి ఇంటర్వ్యూయర్ చూసేది ఎక్కువగా ఆ ఆలోచననే.

"మీరేమిటోళ్లు?"

ఇక రెండో ప్రశ్న. ఇది మొదటిదానికంటే చిక్కు.

హెచ్‌ఆర్ రౌండ్‌లో ఎవరూ కులం పేరు పెట్టి అడగరు. చుట్టూ తిరిగి అడుగుతారు. "ఇంటిపేరు పూర్తిగా చెప్పండి." "ఏ ఊరు? ఊళ్లో ఎక్కడ?" "నాన్నగారు ఏం చేస్తారు?" "ఎంసెట్ ర్యాంకు ఎంత? ఆ ర్యాంకుకి ఆ కాలేజీలో సీటు ఎలా వచ్చింది?" తెలుగువాడే ఎదుట ఉంటే టీ తాగే చోట ఇంకాస్త చనువుగా "ఇంతకీ మీరేమిటోళ్లు?" అనేస్తాడు.

ఇది మన అనుమానం మాత్రమే అనుకునేవాళ్లకు రెండు పరిశోధనల సంగతి చెప్పాలి. రెండూ 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చాయి. సుఖదేవ్ థొరాట్, పాల్ అటివెల్ అనే ఇద్దరు పండితులు పేపర్లలో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు దరఖాస్తులు పంపారు. చదువులు సమానం. పేర్లే వేరు: కొన్ని అగ్రకుల హిందూ పేర్లు, కొన్ని దళిత పేర్లు, కొన్ని ముస్లిం పేర్లు. దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల పేరుతో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులే అని తేలింది. ముస్లిం పేరుకు ఇంకా తక్కువ, దాదాపు మూడో వంతు. మరో పరిశోధనలో సురీందర్ జోధ్కా, కాథరిన్ న్యూమన్ పెద్ద కంపెనీల హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడారు. వాళ్లంతా ప్రతిభే చూస్తామన్నారు. మళ్లీ వాళ్లే "కుటుంబ నేపథ్యం" చూస్తామనీ అన్నారు. మనిషి ప్రతిభను వాళ్ల నాన్న ఇంట్లో వెతికే పద్ధతికి మన దేశంలో పాత పేరు ఒకటుంది.

ప్రభుత్వ ఉద్యోగాల్లో రాజ్యాంగం 16వ అధికరణం మనకు అండగా ఉంది. ప్రైవేటు ఐటీ కంపెనీల్లో రిజర్వేషన్ లేదు. అక్కడ కులం తెలిస్తే మనకు వచ్చే లాభం ఏమీ లేదు, నష్టం మాత్రం ఉండవచ్చు. అలాంటి చోట చెప్పకుండా ఉండడం అబద్ధమా?

బుద్ధుడు ప్రశ్నల్ని నాలుగు రకాలుగా విడదీశాడని అంగుత్తర నికాయంలో ఉంది. కొన్నింటికి సూటిగా జవాబివ్వాలి. కొన్నింటిని విడమరిచి చెప్పాలి. కొన్నింటికి ఎదురు ప్రశ్న వేయాలి. కొన్నింటిని పక్కన పెట్టాలి. నాకు తెలిసి ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం లేదు.

"మీకు జావా వచ్చా?" ఇది సూటి ప్రశ్న. వస్తే వచ్చు, రాకపోతే రాదు. "టీమ్‌లో గొడవ వస్తే ఏం చేస్తారు?" ఇది విడమరిచి చెప్పాల్సింది, ఏ గొడవ అన్నదాన్ని బట్టి ఉంటుంది. "జీతం ఎంత ఆశిస్తున్నారు?" దీనికి ఎదురు ప్రశ్న వేయవచ్చు: "ఈ పోస్టుకి మీరు అనుకున్న పరిధి ఎంతండీ?" ఇక "మీరేమిటోళ్లు?" పక్కన పెట్టాల్సిన ప్రశ్న. అది పనికి సంబంధించింది కాదు. దానికి జవాబు రాబట్టుకునే హక్కు అడిగినవాడికి లేదు. హక్కు లేని ప్రశ్నకు జవాబు ఇవ్వకపోతే ఎవరి హక్కునూ మనం కాజేసినట్టు కాదు.

ఇంకో సంగతి గమనించండి. రాజగృహంలో అభయ రాజకుమారుడితో మాట్లాడుతూ బుద్ధుడు తన మాటకు పెట్టుకున్న కొలతలు చెప్పాడు. మాట నిజమై ఉండాలి, మేలు చేసేదై ఉండాలి, సమయం చూసి చెప్పాలి. నిజం కాని మాట ఎంత ఇంపుగా ఉన్నా పలకకూడదు. నిజమైనా మేలు చేయని మాటను పలికి తీరాలని ఎక్కడా లేదు. అంటే అబద్ధం ఆడకూడదన్న నియమం వేరు, అన్నీ చెప్పి తీరాలన్న నియమం వేరు. మొదటిది మన శీలం. రెండోది ఎవరి శీలమూ కాదు.

మరి బుద్ధుణ్ణే కులం అడిగితే? అడిగారు. సుందరిక భారద్వాజుడనే బ్రాహ్మణుడు యాగంలో మిగిలింది ఎవరికి పెట్టాలా అని చూస్తూ, గుండుతో కూర్చున్న బుద్ధుడి దగ్గరికి వచ్చి పుట్టుక ఏమిటని అడిగాడు. పుట్టుక అడగొద్దు, నడత అడుగు అన్నది బుద్ధుడి జవాబు సారాంశం. శాక్య క్షత్రియుణ్ణని చెప్పుకుంటే గౌరవం దక్కేదే. ఆయన ఆ గౌరవాన్ని కూడా తీసుకోలేదు. పై కులం వాళ్లు కులం చెప్పుకుని లాభపడడం, మనం చెప్పి నష్టపోవడం, రెండూ ఆ ఒక్క ప్రశ్న నుంచే వస్తాయి. ఆ ప్రశ్ననే తోసేయడం బుద్ధుడు చూపిన దారి.

కాబట్టి ఇలా చెప్పవచ్చు: "నా పని గురించి ఏం అడిగినా చెబుతానండి." నవ్వుతూ, గొంతు పెంచకుండా. "మేం బౌద్ధులం" అనడం కూడా నిజమైన జవాబే. దాన్ని చెప్పాలనిపిస్తే తలెత్తి చెప్పండి. ఒక తేడా మాత్రం మరిచిపోవద్దు. చట్టం ప్రకారం నింపాల్సిన కాగితంలో, సర్టిఫికెట్ పరిశీలనలో తప్పుడు వివరం రాయకూడదు. 1990లో చేసిన సవరణ వల్ల బౌద్ధం తీసుకున్న షెడ్యూల్డ్ కులాల వాళ్ల హోదా పోదు. అక్కడ దాచాల్సిన పని కూడా లేదు.

బరోడాలో పదకొండు రోజులు

"చెప్పకపోవడం సరే. వేరే కులం పేరు చెప్పేస్తే?" అని కొందరు అడుగుతారు. ఈ ప్రశ్నకు బాబాసాహెబ్ జీవితంలోనే ఒక ఘట్టం ఉంది.

1917లో ఆయన కొలంబియాలో చదువు ముగించుకుని, స్కాలర్‌షిప్ ఇచ్చిన బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లారు. ఊళ్లో ఉండడానికి గది దొరకలేదు. చివరికి ఒక పార్శీ సత్రంలో, రిజిస్టర్‌లో పార్శీ పేరు రాయించుకుని దిగారు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని మనుషులు వచ్చి నిలదీశారు, ఖాళీ చేయమన్నారు. తెలిసిన స్నేహితులిద్దరిని అడిగితే వాళ్ల ఇళ్లలోనూ చోటు దొరకలేదు. బండి టైము అయ్యేదాకా పార్కులో కూర్చుని బొంబాయి వెళ్లిపోయారు. ఇదంతా ఆయనే రాసుకున్నారు, దాచుకోలేదు.

ఇక్కడ ముసావాదం ఎవరిది అని తీర్పు చెప్పే తొందర మనకు వద్దు. అంత చదివిన మనిషికి సొంత పేరుతో ఒక గది కూడా ఇవ్వని ఊరు ముందు బోనెక్కాలి. బలవంతపు స్థితిలో తలదాచుకోవడానికి చెప్పిన మాటనూ, లాభం కోసం ప్లాను వేసి కొన్న కాగితాన్నీ ఒకే తక్కెడలో తూచడం ప్రజ్ఞ కాదు. కానీ ఆ ఘట్టం మనకు నేర్పే పాఠం ఒకటుంది. వేరేవాళ్ల పేరు ఆయనకు పదకొండు రోజులే గది ఇచ్చింది. పదేళ్ల తర్వాత 1927లో మహాడ్ చౌదార్ చెరువు దగ్గరికి ఆయన మారుపేరుతో వెళ్లలేదు. వేలమందితో, సొంత పేరుతో వెళ్లి నీళ్లు తాగారు. అందుకే నేను చెప్పేది: అడిగితే మౌనంగా ఉండండి, మాట మార్చండి, కానీ వేరే కులం పేరు మాత్రం అరువు తెచ్చుకోకండి. దాన్ని మోస్తూ ఆ ఆఫీసులో ఏళ్ల తరబడి ఉండాలి. వాళ్లు మన వాళ్లను తిడుతుంటే వాళ్లతో పాటు నవ్వాల్సి వస్తుంది.

ఇంకో చిన్న సంగతి. వీడియో ఇంటర్వ్యూకి ముందు గోడ మీద బాబాసాహెబ్ ఫోటో తీసేయాలా అని పిల్లలు అడుగుతారు. తీసినా అది అబద్ధం కాదు. ఇంటి గోడ చూపించి తీరాలన్న రూలు ఎక్కడా లేదు. ఉంచినా తప్పు కాదు. తీసేటప్పుడు మీ మనసులో ఏముందో మాత్రం చూసుకోండి. తిండి కోసం జాగ్రత్తపడడం ఒకటి, సిగ్గుపడడం ఇంకొకటి. జాగ్రత్తకు పేరు పెట్టుకుని సిగ్గు లోపలికి రాకుండా కాపలా కాయండి.

సెలెక్ట్ కాకపోతే

ఒకటికి పదిసార్లు రిజెక్ట్ అవుతారు. "నా రాత ఇంతే" అనే మాట ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ధమ్మంలో అలాంటి రాత లేదు. పోయిన జన్మ పాపం వల్ల ఈ జన్మలో దరిద్రం వచ్చిందన్న మాటను బాబాసాహెబ్ బుద్ధ ధమ్మంలోకి రానివ్వలేదు. ప్రతిదానికీ కారణాలుంటాయి. కొన్ని మన చేతిలో ఉన్నవి: ఎస్‌క్యూఎల్ రాలేదు, లూపు తప్పు రాశాం, కంగారుపడ్డాం. కొన్ని లేనివి: పోస్టులు తగ్గాయి, ఇంటిపేరు నచ్చలేదు. రెంటినీ విడదీసి ఒక కాగితం మీద రాసుకోండి. మొదటి వాటిని వచ్చే వారానికి సరిచేసుకోండి. రెండో వాటి మీద పోరాటం సంఘంగా చేయాలి, ఒక్కరి గుండెలో మోయకూడదు.

బల్లకు అవతలి పక్క

మనవాళ్లు కొందరు ఇప్పుడు ఇంటర్వ్యూ చేసే కుర్చీలో కూడా కూర్చుంటున్నారు. నాలుగో శీలం వాళ్లకూ ఉంది. అభ్యర్థులందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే కొలత పెట్టండి. ఊరు అడగొద్దు, నాన్న పని అడగొద్దు. పక్క కుర్చీలో ఉన్నవాళ్లు అడిగితే "దీనికీ ఈ పోస్టుకీ సంబంధం ఏంటి?" అని అక్కడే అనండి. మనవాడని చెప్పి పని రానివాడికి మార్కులు వేయొద్దు, అది కూడా ముసావాదమే. కానీ పని వచ్చిన మన పిల్లకు కబురు అందించడం, రిఫరల్ ఇవ్వడం దానమే. కంపెనీల్లో చాలా ఉద్యోగాలు రిఫరల్ మీదే నడుస్తాయి. పెద్ద కులాల ఇళ్లలో అది భోజనాల దగ్గర జరిగిపోతుంది. మనకు ఆ భోజనాల బల్ల లేదు కాబట్టి విహారం ఉండాలి.

సముద్రాలు దాటినా ఈ ప్రశ్న వెంటే వస్తుంది. మన సాఫ్ట్‌వేర్ పిల్లలు ఎక్కువగా వెళ్లే అమెరికాలో, సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. కులం ఆ ఒడ్డుకు కూడా వీసా తీసుకుని వెళ్లిందని ఆ చట్టమే సాక్ష్యం.

విహారం చేయగలిగింది

ప్రతి విహారంలో నెలకొక ఆదివారం వందన తర్వాత రెండు గంటలు ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెట్టండి. ఉద్యోగంలో ఉన్న అన్నలు, అక్కలు బల్లకు అవతల కూర్చోండి. నిరుద్యోగులు ఇవతల కూర్చోండి. జావా ప్రశ్నలతో పాటు "మీరేమిటోళ్లు?" అన్నది కూడా అడగండి. గొంతు వణకకుండా ఆ ప్రశ్నను పక్కన పెట్టడం అలవాటు చేయించండి. ఇంగ్లీషులో తప్పులొస్తే నవ్వకండి. పాత ల్యాప్‌టాప్ ఉంటే విహారానికి ఇవ్వండి. ఫీజు కట్టలేని పిల్ల కోర్సుకి పదిమంది తలా కొంచెం వేసుకోండి. దొంగ కాగితానికి పోయే డబ్బు నిజమైన చదువుకి పోతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇంటర్వ్యూ నుంచి వచ్చిన పిల్లను "వచ్చిందా?" అని అడిగే ముందు "ఏం అడిగారు, ఏం చెప్పావు?" అని అడగండి. నిజం చెప్పి ఓడిన పిల్ల ఇంట్లో తల దించుకోకుండా చూడడం మీ చేతిలో ఉంది.

జై భీమ్. నమో బుద్ధాయ.